ఊరి ట్రస్టు ఎవరిని కాదనకూడదు? సేవా సంస్థలకు పౌరహక్కుల సూత్రాలు వర్తించే తీరు

క్లుప్తంగా: సేవా సంస్థ పూర్తిగా సొంత డబ్బుతో నడిచినా సరే, అంటరానితనం పాటించి ఎవరినైనా దూరం పెడితే అది 1955 నుంచీ శిక్షార్హమైన నేరం. ఒక కులం పిల్లలకే ఉపకారవేతనం ఇస్తామనడం మాత్రం దానంతటదే నేరం కాదు. అక్కడ చట్టం శిక్ష వేయదు, పన్ను మినహాయింపు ఇవ్వనంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న జాగాను నింపే సాధారణ వివక్ష వ్యతిరేక చట్టం దేశంలో లేదు. అమెరికాలో ఇదే పనిని నిధులతో పాటు వచ్చే షరతులు చేస్తున్నాయి. ఇక్కడ కూడా డబ్బు వచ్చే దారిలో అటువంటి షరతులు మెల్లగా చేరుతున్నాయి.

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చాక ఏటా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం దరఖాస్తు ఫారాలు తిరుగుతుంటాయి. పైన ట్రస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. దాని కింద విద్యార్థి పేరు, తండ్రి పేరు, మార్కులు, కుటుంబ వార్షికాదాయం, ఆ తర్వాత కులం, ఉపకులం, సంఘ సభ్యత్వ సంఖ్య, సిఫారసు చేసే ఇద్దరు సభ్యుల సంతకాలకు ఖాళీ గళ్ళు. అదే కాగితం అడుగున, దాతల కోసం, విరాళాలకు 80జీ, అంటే దాతకు దక్కే పన్ను రాయితీ, వర్తిస్తుందని చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. పైనున్న కులం గడికీ కిందున్న ఈ వాక్యానికీ చట్టం దృష్టిలో పొసగదన్న సంగతి ఫారం తయారుచేసినవారికే చాలాసార్లు తెలియదు.

ఈ ఫారాల మీద వాదన మొదలైనప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. మా డబ్బు, మా పిల్లలు, మధ్యలో ఎవరికేం పని అన్నది ఒకటి. రాజ్యాంగం సమానత్వం చెబుతుంటే కులం అడగడమే నేరం కాదా అన్నది రెండోది. రెండూ సగం సగమే నిజం. ఏ సగం నిజమో తేలాలంటే, పౌరహక్కు అనే మాటకు మన చట్టం ఇచ్చుకున్న అర్థం దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

మన చట్టంలో పౌరహక్కు అంటే

వాడుకలో పౌరహక్కులంటే భావప్రకటన, సభలు, అక్రమ అరెస్టులు గుర్తుకొస్తాయి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో ఆ మాటకు అంతకంటే ఇరుకైన, అంతకంటే పదునైన అర్థం ఉంది: రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసినందువల్ల ఒక వ్యక్తికి దక్కిన ఏ హక్కైనా పౌరహక్కే. మొదట ఈ చట్టం పేరు అంటరానితనం (నేరాల) చట్టం. 1976 సవరణతో ఇప్పటి పేరు వచ్చింది, శిక్షలూ గట్టిపడ్డాయి.

రాజ్యాంగంలో ఇందుకు సంబంధించిన మెట్లు మూడున్నాయి. 15వ అధికరణలోని మొదటి క్లాజు మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా వివక్ష చూపవద్దని ప్రభుత్వానికి చెబుతుంది; ప్రైవేటు ట్రస్టును అది నేరుగా తాకదు. రెండో క్లాజు ప్రైవేటు వ్యక్తుల దాకా వస్తుంది కానీ కొన్ని చోట్లనే పేర్కొంటుంది: దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, ప్రభుత్వ సొమ్ముతో నడిచే లేదా ప్రజలందరి వాడకానికి అంకితమైన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం చేరే ప్రదేశాలు. రాజ్యాంగ సభలో చర్చ జరిగినప్పుడు డాక్టర్ అంబేద్కర్ ఇక్కడ దుకాణం అన్న మాటను విశాలార్థంలోనే వాడామని వివరించారు. 2011లో సుప్రీంకోర్టు ఒక వైద్య కళాశాల ప్రవేశాల కేసులో ఆ వివరణనే ఆధారం చేసుకుంది. మూడో మెట్టు 17వ అధికరణ. దానికి చోట్ల జాబితా లేదు. ప్రభుత్వమైనా, ట్రస్టైనా, పక్కింటివారైనా అది అందరికీ వర్తిస్తుంది.

అందువల్ల ఊరి సేవా సంస్థకు సంబంధించినంతవరకు కులవివక్ష అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. దళితులను అంటరానివారిగా చూసి దూరం పెట్టారా అన్నది మొదటిది. లబ్ధిని ఒక కులానికి పరిమితం చేశారా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు పోలీస్ స్టేషన్‌లో మొదలవుతుంది, రెండోదానికి ఆదాయపు పన్ను కార్యాలయంలో.

సత్రం, బంతి, విస్తరి

1955 చట్టం రాసినవారికి ధర్మకార్యాల లోపల ఏం జరుగుతుందో బాగా తెలుసుననడానికి నాలుగో సెక్షనే సాక్ష్యం. అంటరానితనం పేరుతో ఎవరికీ అడ్డు చెప్పకూడని విషయాలను అది ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. సత్రాల్లో, హోటళ్ళలో ప్రజల వాడకానికి పెట్టిన పాత్రలు అందులో ఉన్నాయి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే లేదా ప్రజలకు అంకితమైన ధర్మ ప్రదేశాలు ఉన్నాయి. ప్రజల కోసం గానీ, వారిలో ఒక వర్గం కోసం గానీ ఏర్పడిన ధార్మిక ట్రస్టు (అంటే దానధర్మాల కోసం పెట్టినది) ఇచ్చే ఏ లబ్ధైనా అందులో ఉంది. ఐదో సెక్షన్ ప్రజల కోసం నడిపే ఆసుపత్రులు, విద్యాసంస్థలు, వసతి గృహాల్లో ప్రవేశం నిరాకరించడాన్ని నేరం చేసింది. శిక్ష నెల నుంచి 6 నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. 1976 తర్వాత ఈ జరిమానా అంకె మారనే లేదు. నేటి అన్నదానాల్లో ఒక్క బంతికయ్యే కూరగాయలకు కూడా అది చాలదు.

పట్టు శిక్షలో లేదు, నిర్వచనంలో ఉంది. నాలుగో సెక్షన్ కింద చేర్చిన వివరణ ప్రకారం అడ్డు చెప్పడమంటే గెంటేయడం ఒక్కటే కాదు, అంటరానితనం ఆధారంగా చూపే ఏ తేడా అయినా అందులోకే వస్తుంది. ఊరి అన్నదానాల్లో ఈ వాక్యం విలువ వెంటనే తెలుస్తుంది. అక్కడ ఎవరినీ పొమ్మనరు. ముందు కొందరికి పందిరి కింద బంతి వేస్తారు, వాళ్ళు లేచాక మిగిలినవారిని రమ్మంటారు. కొందరికి స్టీలు పళ్ళెం, మరికొందరికి కాగితం విస్తరి. ఎంగిలి విస్తళ్ళు ఎత్తే పని మాత్రం ఏటా ఒకే పేటవారికి పడుతుంది. అందరికీ పెట్టాం, ఒక్కరినీ కాదనలేదు అన్న జవాబు చట్టం ముందు పూర్తి జవాబు కాకపోవడానికి కారణం ఆ వివరణే.

రుజువు భారం విషయంలోనూ చట్టం మామూలు దారి వదిలింది. బాధితులు షెడ్యూల్డ్ కులానికి చెందినవారైతే, ఆ పని అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు ముందుగా భావించాలని 12వ సెక్షన్ చెబుతుంది; కాదని చూపించుకోవలసింది నిందితులే. సంస్థ పేరున నేరం జరిగితే బాధ్యులైన నిర్వాహకులను 14వ సెక్షన్ వదిలిపెట్టదు. కంపెనీ అన్న మాటలో వ్యక్తుల సంఘాలనూ అది కలిపింది కాబట్టి ఊరి కమిటీ అధ్యక్షుడు, కార్యదర్శి కూడా ఆ పరిధిలోకి వస్తారు. దీనికి తోడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ బహిరంగ స్థలాల్లో ప్రవేశం, అక్కడి పాత్రల వాడకం అడ్డుకోవడాన్ని, సాంఘిక బహిష్కరణను 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు పడే నేరాలుగా చేర్చింది.

తెలుగు నేల మీద ఈ సూత్రం చట్టంతోనే పుట్టలేదు. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) వేళాపాళా, కులభేదం చూడకుండా ఆకలన్నవారికి వండిపెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. సీతమ్మ పద్ధతికీ, నాస్తికవాది గోరా వంటివారు నడిపిన సహపంక్తి భోజనాల పద్ధతికీ ఒక తేడా ఉంది. మొదటిది ఎవరొచ్చినా పెట్టడం. రెండోది అందరినీ ఒకే వరుసలో, ఒకరి పక్కన ఒకరిని కూర్చోబెట్టడం. 1955 చట్టం మొదటిదానితో సరిపెట్టుకోకుండా రెండోదాని వైపు కూడా అడుగు వేసింది.

అంటరానితనం పరిధికి వెలుపల ఇటీవలి చట్టాలు మూడు ప్రైవేటు సంస్థల దాకా వచ్చాయి. వికలాంగుల హక్కుల చట్టం (2016), హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం (2017), ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం (2019) ఆయా వ్యక్తులపై వివక్షను నిషేధించాయి. చివరి రెండు చట్టాలైతే ప్రజలకు అందుబాటులో ఉండే సేవలు, సౌకర్యాలు, లబ్ధి నిరాకరించరాదని విడిగా పేర్కొన్నాయి. హెచ్‌ఐవీ ఉందని తెలిసి అనాథ పిల్లను చేర్చుకోనన్న వసతి గృహం సొంత డబ్బుతో నడిచినా ఈ నిషేధాన్ని తప్పించుకోలేదు.

సొంత కులానికే ఇస్తామంటే

ఇక రెండో ప్రశ్న. ఒక కులం పిల్లలకే చదువు ఖర్చులిచ్చే ట్రస్టు అంటరానితనం పాటిస్తున్నట్టు కాదు. అది మిగతా కులాలన్నిటినీ ఒకేలా వదిలేస్తోంది. దీన్ని నేరమనే చట్టం ఏదీ లేదు. పైగా ఒక కులం కూడా ప్రజల్లో ఒక వర్గమే కాబట్టి దాని మేలు కోసం పెట్టిన సంస్థ ధార్మిక సంస్థే కాగలదని అహ్మదాబాద్ రాణా కుల సంఘం కేసులో 1971లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు 1922 నాటి పన్ను చట్టం కింద వచ్చింది. 1961 చట్టం వచ్చేసరికి పార్లమెంటు వేరే దారి తీసుకుంది.

1961 ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం అమల్లోకి వచ్చిన తర్వాత, అంటే 1962 ఏప్రిల్ 1 తర్వాత, ఏర్పడిన ధార్మిక ట్రస్టు ఏదో ఒక మతవర్గం లేదా కులం మేలు కోసమే ఉంటే దాని ఆదాయానికి మినహాయింపు దొరకదు. దాతకు దక్కే పన్ను రాయితీకి సంబంధించిన 80జీ సెక్షన్ కూడా, సంస్థ ఒక మతవర్గం లేదా కులం కోసమని పత్రాల్లో చెప్పుకోకూడదన్న షరతు పెట్టింది. వాట్సాప్‌లో తిరిగే ఫారంలో పై గడికీ అడుగు వాక్యానికీ పొసగదన్నది ఇందుకే. 2025 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ల నంబర్లన్నీ మార్చినా, దాతల నోట మాత్రం ఆ రసీదు ఇంకా 80జీ రసీదే.

1962 గీత అక్కడ పడడానికి ఒక చరిత్ర ఉంది. 20వ శతాబ్దం మొదటి సగంలో పల్లెల నుంచి చదువుకోవడానికి హైదరాబాద్, మద్రాసు వంటి నగరాలకు వచ్చే పిల్లలకు ఉండే చోటు దొరకడమే కష్టం. ఆ అవసరంలోంచి కులాల పేర్లతో వసతి గృహాలు లేచాయి. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ వాటిలో పేరున్నది. అప్పటికే నడుస్తున్న ఇటువంటి సంస్థల జోలికి వెళ్ళకుండా, ఇకపై పుట్టేవాటికి మాత్రం ప్రజాధనం తోడివ్వదన్న రాజీని 1961 చట్టం ఎంచుకుంది. పన్ను మినహాయింపు అంటే ఖజానాకు రావలసిన సొమ్ము వదులుకోవడమే కనుక, అది ఒక రకంగా ప్రజలందరూ ఆ ట్రస్టుకు ఇచ్చే విరాళం.

ఈ నియమానికి ముఖ్యమైన మినహాయింపు కూడా చట్టంలోనే ఉంది. షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన ట్రస్టును ఒక కులం కోసం పెట్టినదిగా లెక్కించరాదు. దీన్ని కొందరు పక్షపాతంగా చూస్తారు కానీ తర్కం స్పష్టమే. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి, ఆ తర్వాత దళిత పిల్లల కోసం బడులు నడిపినప్పుడు ఆయన మూసి ఉంచిన తలుపంటూ లేదు. మూసి ఉన్న తలుపుల బయట నిలబడ్డవారికి వేరే తలుపు తెరిచారు. మూతబడ్డ చోట దారి తెరిచే సంస్థను, ఉన్న దారిని తనవారికే ఉంచుకునే సంస్థను ఒకే గాటన కట్టకపోవడం 15వ అధికరణలోని మూడు, నాలుగు క్లాజుల స్ఫూర్తి కూడా.

మతం విషయం ఇంకొంచెం చిక్కు. పూర్తిగా మతపరమైన ట్రస్టుకు ఈ 13వ సెక్షన్ షరతు వర్తించదు, ధార్మిక ట్రస్టుకు వర్తిస్తుంది. రెండూ కలిసినప్పుడు ఏం చేయాలన్నది 2014లో దావూదీ బోహ్రా అనే ముస్లిం వర్గపు జమాత్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. అటువంటి మిశ్రమ ట్రస్టుకూ షరతు వర్తిస్తుందని చెబుతూనే, ఆ సంస్థ లక్ష్యాలు ఆ ఒక్క వర్గానికే పరిమితం కాలేదు కనుక మినహాయింపు ఇవ్వవచ్చని కోర్టు నిర్ణయించింది. సంస్థ ఎవరి పేరున ఉంది, ఎవరు నడుపుతున్నారు అన్నది కాదు, లబ్ధి ఎవరి దాకా వెళ్తోందన్నదే కొలమానమైంది.

బ్రిటన్ ఇదే సమస్యను మరో రకంగా పరిష్కరించుకుంది. 2010 సమానత్వ చట్టం ధార్మిక సంస్థలకు విడిగా ఒక సెక్షన్ కేటాయించి, ఒక వర్గానికి జరిగిన లోటు పూడ్చడానికో, న్యాయమైన లక్ష్యానికి తగిన మేరకో లబ్ధిని ఆ వర్గానికి పరిమితం చేయవచ్చంది. ఒంటి రంగును మాత్రం ఆ వెసులుబాటులోంచి తీసేసింది: ట్రస్టు పత్రంలో రంగు ప్రస్తావన ఉంటే ఆ మాట లేనట్టే చదువుకోవాలి. 2020లో లండన్‌లోని ఒక సనాతన యూదుల గృహనిర్మాణ సంస్థ తన వర్గానికే ఇళ్ళు కేటాయించడాన్ని అక్కడి సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కింద కూడా సమర్థించింది. మన దగ్గర పన్ను అధికారి అడిగే ప్రశ్నను అక్కడ న్యాయమూర్తి అడుగుతారు.

బియ్యం బస్తాతో వచ్చే షరతు

అమెరికాలో తెలుగు సంఘాల తరఫున శనివారం పూట ఫుడ్ ప్యాంట్రీల్లో (ఉచితంగా ఆహారం పంచే కేంద్రాల్లో) డబ్బాలు సర్దడానికి వెళ్ళేవారికి గోడ మీద ఒక పోస్టర్ కనబడుతుంది: 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తు, స్వేచ్ఛా ప్రతిమ బొమ్మ, పైన ‘అందరికీ న్యాయం’ అన్న అర్థం వచ్చే శీర్షిక. అది అలంకారం కాదు. ఆ దేశపు వ్యవసాయ శాఖ కొని పంపే ఆహారాన్ని పంచే ప్రతి చోటా, వచ్చినవారికి కనబడేలా దాన్ని అంటించి తీరాలి. చర్చి నేలమాళిగలో పది మంది స్వచ్ఛంద కార్యకర్తలతో నడిచే కేంద్రానికీ ఇదే నియమం.

దీనికి మూలం 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో భాగం. జాతి, రంగు, జాతీయ మూలం ఆధారంగా కేంద్ర ప్రభుత్వ సాయం అందే ఏ కార్యక్రమంలోనూ ఎవరినీ మినహాయించరాదని అది చెబుతుంది. వికలత్వం, వయసు వంటి ఆధారాలు తర్వాతి చట్టాలతో చేరాయి. షరతు డబ్బుతో పాటే ప్రయాణిస్తుంది: వ్యవసాయ శాఖ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఫుడ్ బ్యాంకుకు, అక్కడి నుంచి ఒప్పంద పత్రం మీద సంతకం తీసుకుని ప్యాంట్రీకి. లబ్ధిదారులతో మాట్లాడే కార్యకర్తలు ఏడాదికోసారి పౌరహక్కుల శిక్షణ తీసుకోవాలి. అన్యాయం జరిగిందనుకున్నవారు 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. ప్రార్థనలు, మతబోధ చేసుకోవచ్చు కానీ ఆహారం పంచే వేళకో చోటుకో వాటిని వేరుగా ఉంచాలి. ఆహారం కావాలంటే ప్రార్థనలో కూర్చోవాలనకూడదు. తప్పు జరిగితే జైలు లేదు, వచ్చే ఆహారం ఆగుతుంది.

రెండు దేశాల పద్ధతుల్లో ఉన్న తేడా ఇక్కడ బయటపడుతుంది. మన చట్టం తప్పు జరిగాక మేల్కొంటుంది, చేసిన మనిషిని వెతుకుతుంది, శిక్షిస్తానంటుంది. అక్కడి చట్టం తప్పు జరగకముందే గోడకెక్కుతుంది, సంస్థతో సంతకం పెట్టించుకుంటుంది, శిక్ష మాటెత్తదు. మన పద్ధతిలో సూత్రం ఎత్తు ఎక్కువ, ఎందుకంటే ప్రభుత్వ పైసా తీసుకోని ట్రస్టును కూడా అది వదలదు. అమెరికా పద్ధతిలో ప్రభుత్వ సాయం ముట్టని సంస్థ ఆరో భాగం పరిధిలోకే రాదు. కానీ ఏటా జరిగే శిక్షణ, గోడమీది పోస్టరు, అందులో రాసి ఉన్న ఫిర్యాదు చిరునామా కలిసి చేసే పనిని ఎప్పుడో వచ్చే కేసు భయం చేయలేదు.

పన్ను విషయంలో రెండు దేశాలూ దగ్గరగానే ఉన్నాయి. నల్లజాతీయుల పట్ల జాతివివక్ష చూపిన బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయానికి పన్ను మినహాయింపు రద్దు చేయడం సబబేనని 1983లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రజావిధానానికి విరుద్ధమైన సంస్థ ధార్మిక సంస్థ కాజాలదన్నది అక్కడి తర్కం. మన 13వ సెక్షన్ అదే మాటను అంతకు రెండు దశాబ్దాల ముందే, తీర్పు అవసరం లేకుండా రాసిపెట్టింది.

అయితే డబ్బుతో ముడిపెట్టిన హక్కు, డబ్బిచ్చేవారి మనసుతో పాటు మారుతుంది. ఇంగ్లిష్ సరిగా రానివారికి వారి భాషలో సేవలందేలా చూడాలన్న 2000 సంవత్సరపు అధ్యక్ష ఉత్తర్వు 2025 మార్చిలో రద్దయింది. చట్టం అలాగే ఉంది, దాన్ని అమలు చేయమనే ఒత్తిడి సడలింది. అనువాదం లేని ఫారం ముందు కూర్చున్న వృద్ధులకు, తెలుగువారైనా మరొకరైనా, ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

పేరు చెప్పని మినహాయింపు

ఎవరూ ఎవరినీ కాదనకుండానే కొందరు బయట ఉండిపోవడం సేవా రంగంలో ఎక్కువగా కనబడే వివక్ష. దానికి సాధనం జాబితా. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత తమిళనాడు తీరంలో జరిగినది ఇందుకు నమోదైన ఉదాహరణ. సాయం ఎక్కువగా మత్స్యకార పంచాయతీల జాబితాల ద్వారా వెళ్ళింది, నష్టాన్ని పడవలు, వలలతో లెక్కించారు. ఉప్పునీరు నిండిన పొలాల్లో కూలి పోయిన దళిత కుటుంబాలకు పడవా లేదు, వలా లేదు, కాబట్టి ఆ లెక్కలో నష్టమూ లేదు. కొన్ని సహాయక శిబిరాల్లో నేరుగా వివక్ష ఎదురైనట్టు కూడా మానవహక్కుల సంస్థలు నమోదు చేశాయి. కానీ జాబితా చేసిన మినహాయింపే విస్తృతమైనది, దానికి ఒక దోషి అంటూ దొరకడు.

రెడ్‌క్రాస్ ఉద్యమం, ఇతర స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో రూపొందించుకున్న విపత్తు సహాయ నియమావళిలోని రెండో సూత్రం, సాయంలో ప్రాధాన్యాన్ని అవసరం ఒక్కదాన్ని బట్టే నిర్ణయించాలంటుంది. వాక్యం చిన్నదే. అవసరాన్ని ఎవరు కొలుస్తారు, దేనితో కొలుస్తారు అన్నదగ్గరే అసలు చిక్కు. వరద తర్వాత బియ్యం పంచే ఊరి కమిటీ రేషన్ కార్డు చూసి ఇస్తే, కార్డు లేని వలస కూలీ తప్పిపోతాడు. ఇంటి యజమానికి ఒక కిట్ అంటే, అదే ఇంట్లో వెనక గదిలో అద్దెకున్నవారు తప్పిపోతారు.

జాబితానే లేకుండా చేయడం దీనికి ఒక విరుగుడు. 2014లో హైదరాబాద్‌లో మొదలైన 5 రూపాయల భోజన కేంద్రాల్లోనూ, 2018లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన అన్న క్యాంటీన్లలోనూ కార్డు అడగరు, పేరు రాసుకోరు. వరుసలో నిలబడి టోకెన్ తీసుకోవడమే అర్హత. 1985లో మొదలైన తిరుమల నిత్యాన్నదానంలోనూ విస్తరి ముందు కూర్చున్నవారిని ఎవరివారని అడగరు. అవసరం లేనివారు కూడా కొందరు తినిపోతారన్నది ఈ పద్ధతి మీద ఉన్న ఫిర్యాదు. అవసరం ఉన్నవారు తప్పిపోవడం కంటే అది చిన్న నష్టమేనని చెప్పవచ్చు. కానీ ఉపకారవేతనం, ఇంటి మరమ్మతు, వైద్యం ఖర్చు వంటి పెద్ద సాయాలకు ఈ దారి పనికిరాదు; అక్కడ ఎంపిక తప్పదు.

ఎంపిక ఉన్నచోట కాగితాలూ ఉంటాయి. ఆధార్ జిరాక్స్ లేనిదే దరఖాస్తు తీసుకోని ట్రస్టులు చాలా ఉన్నాయి. ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను తప్పనిసరి చేయడానికి వీలిచ్చిన భాగాన్ని 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి, ఇష్టపడి ఇచ్చేవారి దగ్గర తీసుకోవచ్చు గానీ అది లేదని సాయం ఆపడానికి చట్టం తోడు రాదు. కిట్ చేతికిస్తూ తీసే ఫోటో కూడా ఈ కోవలోదే. ఫోటో వద్దన్నవారికి కిట్ ఇస్తారా అన్నదే పరీక్ష.

ఫిర్యాదు వెళ్ళే దారి

కాగితం మీద ఇన్ని ఉన్నా, పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద దేశం మొత్తమ్మీద ఇటీవలి సంవత్సరాల్లో నమోదవుతున్న కేసులు ఏటా పదుల్లోనే. శిక్ష ఎక్కువున్న అత్యాచారాల నిరోధక చట్టం వైపు కేసులు మళ్ళడం ఒక కారణం. అన్నం పెట్టిన చేతి మీద ఫిర్యాదు చేయడానికి ఆ అన్నం అవసరమైన మనిషి వెనకాడడం ఇంకా పెద్ద కారణం. తెలుగు రాష్ట్రాల్లో నెలనెలా 30వ తేదీన ఊళ్ళలో జరిపే పౌరహక్కుల దినం ఈ జంకు పోగొట్టడానికి ఉద్దేశించినదే. తహసీల్దారు, ఎస్సై వచ్చి హోటళ్ళు, గుళ్ళు, క్షౌరశాలల్లో వివక్ష ఉందేమోనని అడుగుతారు. అదే ప్రశ్న ఊరి ట్రస్టు అన్నదానం గురించి, హాస్టల్ గురించి కూడా అడగడానికి చట్టంలో అడ్డేమీ లేదు.

పోలీసు దారి కాక సివిల్ దారి ఒకటుంది. ప్రజా ట్రస్టు తన పత్రంలో రాసుకున్న లక్ష్యానికి విరుద్ధంగా నడుస్తుంటే, దానితో సంబంధమున్న ఇద్దరు వ్యక్తులు కోర్టు అనుమతి తీసుకుని సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. పేద విద్యార్థులకు అని రాసుకుని ఒకే కులానికి ఇస్తున్న ట్రస్టుకు ఇది వర్తిస్తుంది. దావాకు పట్టే కాలం, ఖర్చు తెలిసినవారెవరూ దీన్ని సులువైన దారి అనరు. సమాన అవకాశాల కమిషన్ కావాలని ముస్లింల స్థితిగతులపై వేసిన సచార్ కమిటీ 2006లో సూచించినా, సాధారణ వివక్ష వ్యతిరేక చట్టం కోసం లోక్‌సభ ముందుకు ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లు వచ్చినా, రెండూ ముందుకు సాగలేదు.

మార్పు వస్తే డబ్బు దారిలోనే వచ్చేలా కనబడుతోంది. కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఇచ్చే నిధులను ట్రస్టు ద్వారా ఖర్చు చేయించాలంటే, 2021 నుంచి ఆ ట్రస్టుకు 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, అది కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారం దాఖలు చేసి ఉండాలి. దీంతో దాతల రాయితీకి పెట్టిన పాత షరతు ఇప్పుడు పెద్ద నిధుల తలుపు దగ్గర కూడా నిలబడింది. ఒక కులం కోసమేనని రాసుకున్న ట్రస్టుకు సొంత సభ్యుల చందాలు మిగులుతాయి, కంపెనీల సొమ్ము రాదు. నిధుల కోసం లక్ష్యాల పత్రాన్ని మార్చుకోవాలన్న ఒత్తిడి చిన్న ట్రస్టుల మీద పెరగడం ఖాయం.

పత్రం మారితే ఫారమూ మారుతుంది. కులం, ఉపకులం గళ్ళు పోతాయి. సంఘ సభ్యత్వ సంఖ్య కూడా పోవచ్చు. ఇద్దరు సభ్యుల సిఫారసు సంతకాల గడి మాత్రం నిజాయితీగల విద్యార్థిని గుర్తించడానికేనన్న కారణంతో అలాగే ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఇద్దరు సభ్యులు ఎవరి పిల్లలను ఎరుగుదురో, ఎవరి వీధికి వెళ్తారో ఏ పన్ను అధికారీ అడగడు.